వంటింటి గోడ దగ్గర ఆగిపోతున్న వైఫై

పోయిన నెల మన కార్యకర్తల సమావేశం వీడియోలో జరిగింది. రక్షణ ఉత్తర్వులు వచ్చి కూడా అమలుకాని గృహహింస కేసుల గురించి ఒక్కొక్కరూ చెప్తున్నారు. ఒకామె వంతు వచ్చింది. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, మాట తడబడదు. "ఆ అమ్మాయిని అత్తవాళ్ళు మళ్ళీ..." అని మొదలుపెట్టింది. తెర మీద ముఖం బిగుసుకుపోయింది, మాట ముక్కలైంది, మనిషి మాయమైంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నాలుగోసారి గొంతు స్పష్టంగా వినిపించింది. వెనకాల వీధి కుక్కల అరుపులు కూడా వినిపించాయి. వీధి మెట్ల మీదికి వచ్చి కూర్చుందట. "ఇక్కడైతే సిగ్నల్ వస్తుందక్కా. కానీ ఇక్కడ ఆ పిల్ల సంగతి చెప్పలేను, పక్కింటివాళ్ళు వింటారు" అంది.

ఆ రోజు ఆ కేసు గురించి మనం మాట్లాడుకోలేకపోయాం.

వాళ్ళింట్లో వైఫై లేదా అంటే, ఉంది. నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నారు. రౌటర్ ముందుగదిలో టీవీ పైన ఉంది. సాయంత్రం ఏడు గంటలకు ఆమె ఉండవలసిన చోటు వంటగది. మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక ఫ్రిజ్ ఉన్నాయి. ఆమె మాట ఆ గోడలు దాటి రాలేకపోయింది.

స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయం రాయడానికి వైఫై తప్ప ఇంకేమీ దొరకలేదా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మరుగుదొడ్డి గురించీ, పొయ్యి పొగ గురించీ, బోరింగు ఇంటికెంత దూరంలో ఉందన్నదాని గురించీ స్త్రీలు మాట్లాడినప్పుడు కూడా కొందరు నవ్వారు. ఇంటి లోపలి దూరాలు కొలవడం రాజకీయం కాదని నమ్మేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

కొన్ని అంకెలు చూద్దాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతమే, తెలంగాణలో 26.5 శాతం. అప్పటినుంచి ఫోన్లు పెరిగాయి, డేటా పెరిగింది, నిజమే. కానీ ఈ అంకెల్లో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. అవి ఇళ్ళను కాదు, మనుషులను లెక్కపెట్టాయి. ప్రభుత్వాలూ కంపెనీలూ ఇన్ని లక్షల కనెక్షన్లిచ్చామని చెప్పుకునేటప్పుడు ఇంటిని ఒక మనిషిగా లెక్కేస్తాయి. ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. రేషన్ కార్డులోనూ, పట్టాలోనూ, కరెంటు బిల్లు మీదా చాలాకాలంగా ఆయన్నే చూస్తున్నాం.

2024 కాలవినియోగ సర్వే చెప్పిన మరో మాట కూడా దీని పక్కనే పెట్టుకోవాలి. జీతం లేని ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. ఆ గంటలన్నీ ఇంట్లో ఏ మూల గడుస్తాయి? పొయ్యి దగ్గర, అంట్లు తోమే చోట, బట్టలుతికే పెరట్లో. మన ఇళ్ళలో రౌటర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉండే చోట్లు ఇవే. ఇది యాదృచ్ఛికమా?

కనెక్షన్ పెట్టే రోజు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. కుర్రాడు పట్టపగలు పదకొండింటికి వస్తాడు. ఆ వేళకు ఇంట్లో ఉండేది ఆమె. తలుపు తీసేదీ, స్టూలు తెచ్చేదీ, మంచినీళ్ళిచ్చేదీ, గోడకు కన్నం పెట్టినప్పుడు రాలిన సున్నం ఊడ్చేదీ ఆమే. అతను మాత్రం "సార్ లేరా మేడమ్?" అని అడిగి, సారుకు ఫోన్ చేసి డబ్బా ఎక్కడ పెట్టమంటారంటాడు. సార్ ఆఫీసులోంచి "టీవీ పక్కన పెట్టెయ్" అంటాడు. అంతటితో ఐదారేళ్ళకు సరిపడా నిర్ణయం అయిపోతుంది. కుర్రాడి మీద కోపం లేదు. రోజుకిన్ని కనెక్షన్లని తరుముతుంటే ఎవరైనా గుమ్మానికి దగ్గరలోనే తీగ ఆపేస్తారు. కానీ ఆ తీగను ఇంకో పది మీటర్లు లోపలికి, ఇంటి నడిమికి లాగమని అడగవచ్చని మనలో చాలామందికి తెలియదు. అడిగితే లాగుతారు, అదనపు తీగకు కాస్త డబ్బు తీసుకోవచ్చు. ఫైబర్ అంటే సన్నని గాజుపోగు. దాన్ని మేకుకు చుట్టి, మూల దగ్గర మడతపెట్టి కొట్టకుండా చూస్తే చాలు. మడత పడిన చోట లోపలి వెలుగు కారిపోతుంది.

వైఫై అనేది రేడియో తరంగం. దానికి అద్భుత శక్తులేమీ లేవు. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే బలం నాలుగోవంతుకు పడిపోతుంది. గోడ అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది. ఇటుక గోడ కొంత తింటే, ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు ఎక్కువ తింటుంది. లోహం తిప్పికొడుతుంది. బీరువా, ఫ్రిజ్, వెనక పూత పూసిన నిలువుటద్దం తరంగానికి గోడల్లాంటివే. నీళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి నీళ్ళ డ్రమ్ము పక్కన, చేపల తొట్టి పక్కన పెట్టకూడదు. షోకేసు లోపల, టీవీ వెనక దాచిపెడితే అందంగా ఉంటుంది, పని చేయదు. ఇంటి మధ్యలో, మనిషి తల కన్నా ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా ఉండాలి. యాంటెనాలు నిటారుగా ఉంటే తరంగం అడ్డంగా నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. మేడ మీద గది కూడా ఉంటే ఒకదాన్ని పక్కకు వాల్చి చూడవచ్చు.

రౌటర్ రెండు రకాల తరంగాల మీద పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు కాస్త దాటుతుంది, కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది చాలా వేగం, కానీ రెండో గోడ దగ్గరికే నీరసపడుతుంది. ఫోన్లో ఒకే వైఫై రెండు పేర్లతో కనబడి, ఒకదాని చివర 5జి అని ఉంటే అది ఇదే. మొబైల్ కంపెనీల 5జికీ దీనికీ సంబంధం లేదు. డబ్బా ఉన్న గదిలో కూర్చున్నప్పుడు 5, వంటింట్లో 2.4 ఎంచుకోవాలి. అపార్టుమెంట్లలో ఇంకో చిక్కుంది. 2.4లో ఒకదానికొకటి అడ్డు రాని దారులు 1, 6, 11 అని మూడే. పైన, కింద, పక్కన ఉన్న ఫ్లాట్లన్నీ ఆ మూడింటిలోనే తోసుకుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో ఖాళీగా ఉన్నదానికి మారితే కొంత తేడా కనబడుతుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఈ 2.4 దగ్గరే పనిచేస్తుంది. అది తిరుగుతున్నంతసేపూ పక్కనున్న ఫోను తడబడడానికి కారణం అదే.

ఇక్కడ ఒక చిన్న మాట. వైఫైని కనిపెట్టింది హెడీ లామార్ అనే సినిమా నటి అని స్త్రీల దినోత్సవం వచ్చినప్పుడల్లా మనవాళ్ళే పంచుకుంటారు. ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి 1942లో పేటెంటు పొందింది రేడియో సంకేతాన్ని ఒక పౌనఃపున్యం నుంచి ఇంకోదానికి గెంతించే పద్ధతికి. టార్పెడోలను శత్రువు దారి తప్పించకుండా ఉండడానికి ఆ ఆలోచన చేశారు. ఈనాటి వైఫై నడిచే పద్ధతి వేరు. ఆమె చేసింది గొప్ప పనే. దానికి మనం అబద్ధం కలిపి చెప్పనక్కరలేదు.

మళ్ళీ మన కార్యకర్త ఇంటికి వద్దాం. నెట్ రావడం లేదని ఆమె ఏడాదిగా చెప్తూనే ఉంది. భర్త మంచివాడే, విన్నాడు. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసేసి 200ది పెట్టించాడు. వంటింట్లో ఏమీ మారలేదు. మారదు కూడా. టాంకులో నీళ్ళు ఎక్కువ పోసినంత మాత్రాన కుళాయి దాకా పైపు లేకపోతే నీళ్ళెలా వస్తాయి? చాలా ఇళ్ళలో డబ్బు ఇలాగే పోతోంది. అందుకే ముందు జబ్బేమిటో చూసుకోవాలి. అందుకు ఒక పావుగంట, ఒక ఫోను చాలు. రౌటర్ ఉన్న గదిలో నిలబడి వేగం కొలిచే ఏదో ఒక ఆప్‌తో చూడండి, కాగితం మీద రాసుకోండి. తర్వాత వంటింట్లో, పడగ్గదిలో, పెరట్లో చూడండి. డబ్బా దగ్గర బాగా ఉండి వంటింట్లో పడిపోతే అది ఇంటి లోపలి సమస్య, ప్లాను మార్చి లాభం లేదు. డబ్బా దగ్గరే పడిపోతే తీగతో నేరుగా లాప్‌టాప్‌కు కలిపి చూడాలి. అప్పుడూ రాకపోతే అది కంపెనీ బాధ్యత, ఫిర్యాదు చేయాలి. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఇంకేమీ చూడక్కరలేదు, ఫైబర్ ఎక్కడో తెగింది లేదా మడత పడింది. వేగాన్ని కంపెనీలు ఎంబీపీఎస్‌లో, అంటే బిట్లలో చెప్తాయి. ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. 100 ఎంబీపీఎస్ అన్నప్పుడు సెకనుకు దిగేది 12 మెగాబైట్ల పైచిలుకే, మోసమేమీ లేదు. వీడియో సమావేశానికి నిలకడగా 2, 3 ఎంబీపీఎస్ ఉంటే చాలు. దిగే వేగమే కాదు, ఎక్కే వేగం కూడా చూసుకోండి. మన ముఖం, మన గొంతు అవతలికి చేరేది దాని మీదే.

డబ్బా కదిపినా సరిపోని ఇళ్ళుంటాయి. పొడుగ్గా, రైలు పెట్టెల్లా వరసగా గదులుండే పాతకాలం ఇళ్ళు, రెండంతస్తుల ఇళ్ళు అలాంటివి. అప్పుడు చాలామంది బజారుకెళ్ళి రిపీటర్ తెచ్చి, సిగ్నల్ అస్సలు రాని గదిలో గుచ్చుతారు. అది తనకు అందినదాన్నే మళ్ళీ పంపుతుంది. ఏమీ అందని చోట ఏం పంపుతుంది? సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. అయినా ఒకే తరంగం మీద వినడం, చెప్పడం రెండూ చేసే చవకరకం రిపీటర్‌తో వేగం సగానికి సగం పోతుంది. మా సలహా తీగ. కాట్-5ఈ లేదా కాట్-6 అని పైన అచ్చు ఉన్న తీగ 100 మీటర్ల దాకా నష్టం లేకుండా మోస్తుంది. దాన్ని వంటింటి దాకా లాగి, అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ను అక్కడ కలపండి. పాతదానిలో డీహెచ్‌సీపీ అనే దాన్ని ఆపేసి, దాని చిరునామా అసలు రౌటర్‌తో కలవకుండా మార్చి, తీగను లాన్ అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చాలి. అసలు డబ్బాకున్న పేరు, పాస్‌వర్డే దీనికీ పెట్టవచ్చు. కరెంటు తీగల గొట్టంలోంచి మాత్రం దీన్ని లాగవద్దు. మెష్ అని అమ్మేవి బాగానే పనిచేస్తాయి, ధరే ఎక్కువ. కరెంటు పోయే ఊళ్ళలో వీటన్నిటికన్నా ముందు కొనవలసింది రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్.

ఇదంతా చదివి, మా ఆయనకో మా అబ్బాయికో చెప్పి చేయిస్తాను అనుకునే మిత్రులుంటారు. చేయించండి, కానీ పక్కన నిలబడండి. పాస్‌వర్డ్ రెండు రకాలు. ఒకటి వైఫైలో చేరడానికి. రెండోది రౌటర్ లోపలికి వెళ్ళి ఎవరెవరు వాడుతున్నారో చూడడానికి, నచ్చనివాళ్ళను ఆపడానికి. రెండోది ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఏ ఫోను ఎన్ని గంటలకు చేరిందో అందులో కనబడుతుంది. కొన్ని రౌటర్లలో ఏ సైట్లకు వెళ్ళిందో కూడా నమోదవుతుంది. మన దగ్గరికొచ్చే కేసుల్లో ఇది కొత్త కాదు. అలిగితే అన్నం మానేసే మగవాళ్ళను చూశాం. ఇప్పుడు కోపమొస్తే భార్య ఫోనును వైఫైలోంచి తీసేసేవాళ్ళను చూస్తున్నాం. సలహా కోసం ఫోన్ చేసిన స్త్రీకి మనం మొదట అడగవలసిన ప్రశ్నల్లో ఇదొకటి: "అమ్మా, ఇప్పుడు ఇంటి వైఫై మీద మాట్లాడుతున్నావా, నీ సొంత డేటా మీదా?" ప్రమాదంలో ఉన్న మనిషి సహాయం వెతికేటప్పుడు ఇంటి వైఫై ఆపుకుని సొంత డేటా వాడడం మంచిది.

2005 గృహహింస చట్టం 3వ సెక్షన్ ఆర్థిక హింసను వివరిస్తూ, ఇంటి బంధం వల్ల ఆమెకు వాడుకునే హక్కున్న వనరులు, సౌకర్యాలు అందకుండా నిషేధించడాన్నీ ఆంక్షలు పెట్టడాన్నీ అందులో చేర్చింది. ఇంటి నుంచే పనిచేసి సంపాదించుకునే స్త్రీకి, కోర్టు వాయిదా వివరాలు ఫోన్లోనే చూసుకునే స్త్రీకి ఇంటి ఇంటర్నెట్ అలాంటి సౌకర్యం కాకపోతే ఇంకేది అవుతుంది? పిటిషన్లలో ఈ మాట రాయడం మన న్యాయవాద మిత్రులు అలవాటు చేసుకోవాలి. మనకు ఆసరా లేకపోలేదు. కేరళలో ఒక కాలేజీ హాస్టల్ ఆడపిల్లల ఫోన్లను సాయంత్రం 6 నుంచి 10 దాకా వాడనివ్వకపోతే, ఎదిరించి హాస్టల్ నుంచి వెళ్ళగొట్టబడిన విద్యార్థిని హైకోర్టుకు వెళ్ళింది. ఫహీమా షిరీన్ కేసుగా పేరుపడ్డ దానిలో 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, 21వ అధికరణం కింది గోప్యత హక్కులోనూ భాగమని చెప్పింది. ఆ తర్వాత 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకూ వృత్తి వ్యాపారాలకూ రాజ్యాంగ రక్షణ ఉందని అంది. ఆ తీర్పులు ప్రభుత్వాన్నీ కాలేజీనీ ఉద్దేశించినవి, మొగుణ్ణి కాదు. గుమ్మం దాటించి లోపలికి తేవడం మన పని.

ప్రభుత్వాలను వదిలిపెట్టడానికీ వీల్లేదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటూ ఫైబర్‌నెట్ మొదలైంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల వెంబడే ఫైబర్ దారి వేశారు. కేంద్రం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది, అంతకుముందు 512 కేబీపీఎస్‌కే ఆ పేరు ఉండేది. ఈ పథకాలన్నీ గుమ్మం దగ్గరే ఆగుతాయి. 2021 నుంచి అంగన్‌వాడీ కార్యకర్తలు పోషణ్ ట్రాకర్‌లో వివరాలు ఎక్కిస్తున్నారు. కేంద్రంలో నెట్ రాకపోతే రాత్రి ఇంటికెళ్ళి, వంటయ్యాక, ముందుగదిలో మగవాళ్ళ టీవీ అయ్యేదాకా ఆగి ఎక్కిస్తారు. ఆ గంటలకు జీతం లేదు. పని అప్పజెప్పేవాళ్ళు దానికి కావలసిన నెట్ కూడా ఇవ్వాలని అంగన్‌వాడీ, ఆశా సంఘాలు అడిగితే మనం వాళ్ళతో నిలబడాలి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి కింద చిన్న దుకాణమైనా లైసెన్సు, రుసుము లేకుండా జనానికి వైఫై ఇవ్వవచ్చు. మండల సమాఖ్య భవనాలు ఈ పని ఎందుకు చేయకూడదు? అయితే అది ఇంటి వైఫైకి బదులు కాదు. చీకటి పడ్డాక సమాఖ్య భవనం దాకా ఎందరు వెళ్ళగలరు?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వెళ్ళడానికి స్త్రీలు ఇంట్లో ఎంత పోరాడారో మనలో పెద్దవాళ్ళకు గుర్తుంది. పనంతా ముగించుకుని, పిల్లలను నిద్రపుచ్చి, మొగుడి మాటలు పడి ఆ దీపం కిందికి చేరారు. దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది ఆ గుంపుల్లోంచే. ఇప్పుడు బడి ఇంటికే వచ్చింది. శిక్షణలు, సమావేశాలు, బ్యాంకు, కోర్టు అన్నీ వచ్చాయి. వచ్చి ముందుగదిలో కూర్చున్నాయి.

మన కార్యకర్త ఆ ఆదివారం తనే స్టూలు ఎక్కి డబ్బా దించింది. ఫైబర్ తీగ పొడవు చాలకపోతే కుర్రాణ్ణి పిలిపించి, ముందుగదికీ వంటగదికీ మధ్యనున్న నడవాలో, గుమ్మం పైన పెట్టించింది. "సార్‌ని అడగనా మేడమ్?" అన్నాడట. "నేను చెప్తున్నా కదా బాబూ" అందట. ఇప్పుడు పొయ్యి దగ్గర 30 ఎంబీపీఎస్ దాకా వస్తోంది. టీవీకి కొంచెం తగ్గింది. మామగారు రెండు రోజులు సణిగారు, మూడో రోజు టీవీకి తీగ కలిపిస్తే ఊరుకున్నారు. ప్లాను మళ్ళీ 100కు దింపారు. రౌటర్ లోపలి పాస్‌వర్డ్ మాత్రం ఇంకా ఇంటర్ చదివే కొడుకు దగ్గరే ఉంది. అడుగుతోంది, రేపిస్తానంటున్నాడు.

పాఠక మిత్రులకు ఒక విన్నపం. మీ ఇంటి పటం ఒక కాగితం మీద గీయండి. డబ్బా ఎక్కడుందో గుర్తు పెట్టండి. గదిగదికీ తిరిగి వేగం కొలిచి అంకె వేయండి. రోజులో మీరు ఎక్కువసేపు ఉండే చోట సున్న చుట్టండి. పేరు రాయనక్కరలేదు, ఊరు రాస్తే చాలు. మాకు పంపండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటికోసం అట్టిపెడుతున్నాం.